నష్టములో పాలెవరిది?

మంచి పనిని గూర్చి విన్నప్పుడు మనలో రెండు విధములైన తొందరపాటు కలుగుచుండును. మొదటిది మెచ్చికోలు. చదువుకొన్న యువకులు పట్టణపు ఉద్యోగములను కాదని పల్లెకు వచ్చి రైతులతో కలిసి మడిలో దిగినారనగానే, ఫలితమేమని అడుగకయే మనము చేతులు జోడింతుము. రెండవది ఈసడింపు. మీసము మొలవని పిల్లలు మాకు సేద్యము నేర్పవచ్చినారా యని రచ్చబండపై కూర్చుండి నవ్వుదుము. మెచ్చినవాడును నవ్వినవాడును కొలపాత్ర లేకయే ధాన్యము కొలిచినవారు. యువజనుల పూనికతో పల్లెలలో సాగుచున్న సామూహిక వ్యవసాయమును ఏ కొలతతో కొలువవలెను? ఆ కొలపాత్ర ఎవరి చేతిలో నుండవలెను? ఇది వ్యవసాయ శాఖవారు మాత్రమే తేల్చదగిన విషయము కాదు. భూమి గలవారు, భూమి లేనివారు, భూములు గల మఠములు, అందరును ఆలోచింపవలసిన ధర్మవిచారము.

ఇట్టి కార్యక్రమ మొకటి మన రాష్ట్రమునందే కలదు. 2014లో ఏర్పడిన రైతు సాధికార సంస్థ 2016 నుండి ప్రకృతి వ్యవసాయమును గ్రామగ్రామమునకు కొనిపోవుచున్నది. మహిళా పొదుపు సంఘములు దీనికి ఆధారము. రసాయనపు ఎరువులకు బదులు ఆవుపేడ, మూత్రము, బెల్లము, శనగపిండి కలిపి పులియబెట్టిన జీవామృతము. పురుగుమందులకు బదులు వేపాకు మొదలగువాటితో చేసిన కషాయములు. వానలకు ముందే చల్లెడి నవధాన్యములు - ఇవి దీని సాధనములు. వ్యవసాయశాస్త్రము చదివిన యువతీయువకులను నేచురల్ ఫార్మింగ్ ఫెలోలను పేరుతో ఎంపిక చేసి, పల్లెలలో నివసింపజేసి, రైతులకు తోడు నిలుపుట దీనిలోని విశేషము. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ సంస్థవారు తమ మానవాళి బహుమతిని ఈ కార్యక్రమమునకును, మృత్తికా శాస్త్రవేత్త రతన్ లాల్‌కును, ఈజిప్టు దేశపు సెకెమ్ సంస్థకును కలిపి ఇచ్చిరి. ఇది తెలుగువారు సంతోషింపదగిన విషయము. కాని బహుమతి దూరమునుండి చూచినవారి మెప్పు. చేనిగట్టున నిలిచినవాని తీర్పు వేరుగా నుండవచ్చును.

చేనిగట్టు అనగా మన పామిడిముక్కల, ఉయ్యూరు, గుడివాడ ప్రాంతములనే తీసికొందము. 1855 నాటికి పూర్తియైన కృష్ణ ఆనకట్టయు, దాని స్థానమున 1957లో వచ్చిన ప్రకాశము బ్యారేజియు ఈ నేలకు ప్రాణము. సార్వాలో వరి, వరి కోతకు కొద్దిదినముల ముందు తడినేలపై చల్లిన మినుము, ఉయ్యూరు చక్కెర మిల్లు చుట్టునగల పల్లెలలో చెరకు - ఇది ఇచటి సేద్యపు తీరు. జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి కలియదున్నుట మన పెద్దలెరిగిన పనియే. కావున నేలకు పచ్చిరొట్ట మేలుచేయునని ఒక యువకుడు వచ్చి చెప్పినచో అది క్రొత్త మాట కాదు. తాతలు చేసినదానిని తండ్రులు మానిరి. మనుమలు మరల చెప్పుచున్నారు. వినుటకు సిగ్గుపడవలసిన పనిలేదు.

ఇక మొదటి కొలత దిగుబడి. దీనిని కొలుచుటకు పద్ధతి కలదు. చేనిలో ఒకచోట ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల గడిని గుర్తించి, అందలి పంటను కోసి, నూర్చి, తూచి లెక్కకట్టుదురు. విశాఖపట్టణములోని అభివృద్ధి అధ్యయన సంస్థవారు ఇట్టి పంటకోత ప్రయోగములతో ప్రకృతి వ్యవసాయమును రసాయన వ్యవసాయముతో పోల్చి నివేదికలు వెలువరించినారు. పెట్టుబడి తగ్గినదని అవి చూపినవి. ఇట్టి లెక్కలు మిక్కిలి అవసరము. లెక్క లేని సేవ త్వరలోనే స్తోత్రపాఠముగా మారును.

అయినను ఉపాధ్యాయునిగా నాకు పరీక్షల సంగతి కొంత తెలియును. తమంతట తాము ముందు బెంచీలో కూర్చుండెడి విద్యార్థులకు వచ్చిన మార్కులను చూపి, బోధన గొప్పదని చాటుట న్యాయము కాదు. వారు మరియొకరు బోధించినను చదివెడివారే. అట్లే మొదటి ఏటనే క్రొత్త సేద్యమునకు ముందుకు వచ్చిన రైతు సాధారణముగా ఓపికయు, పశువులును, ఇంటిలో పనిచేయు చేతులును గలవాడు. అతని చేనిని ఇవేవియు లేనివాని చేనితో పోల్చి, తేడా యంతయు పద్ధతి వలననే వచ్చినదనుట తొందరపాటు. ఒక్క సంవత్సరపు పంటయు చాలదు. వాన అనుకూలించిన ఏడును, తుఫాను వచ్చిన ఏడును రెండును చూడవలెను. అంతకన్న ముఖ్యము, బోధించినవాడే పత్రములు దిద్దుకొనరాదు.

ఇంతవరకు చెప్పినది లెక్కకు సంబంధించినది. లెక్క సరిగా నుండియు ధర్మము తప్పవచ్చును. ఎట్లన, ఎకరమునకు సగటున నష్టమేమియు లేదని తేలినదనుకొందము. సగటు అనగా కొందరికి లాభము, కొందరికి నష్టము. ఆ నష్టపోయిన కొందరెవరు? ఈ ప్రశ్నను దిగుబడి పట్టిక అడుగదు. మనము అడుగవలెను.

మన డెల్టాలో పొలము దున్నువారిలో ఎందరో కౌలుదారులు. వెనుకటి పాలు పద్ధతిలో పండినది ఇంతగా అంతగా పంచుకొనెడివారు. పంట పోయినచో యజమానికిని పోయెడిది. మక్తా పద్ధతి అట్లు కాదు. ఎకరమునకు ఇన్ని బస్తాలని ముందుగానే ఒప్పందము. చేను పండినను, మునిగినను, దోమ తినినను ఆ బస్తాలు కొలిచి ఇయ్యవలసినదే. ఈ కౌలుదారునకు బ్యాంకు అప్పు, పంట బీమా అందవలెనని 2011లో ఒక చట్టము, 2019లో మరియొక చట్టము వచ్చినవి. రెండవదానిలో పదునొకండు నెలల ఒప్పందపత్రముపై భూయజమాని సంతకము కావలెను. సంతకము చేసినచో భూమిపై హక్కు పోవునేమోయను భయముతో వెనుకాడు యజమానులు ఊరూర గలరు. సంతకము లేనివానికి పత్రము లేదు. పత్రము లేనివాడు ఆ సహాయమునకు దూరము. అతనికి మిగిలినది వడ్డీవ్యాపారి వాకిలి.

ఇట్టివాని యొద్దకు ఇరువది మూడేండ్ల పట్టభద్రుడు వచ్చి, యూరియా మానుమని చెప్పినాడనుకొందము. చెప్పిన మాట మంచిదే కావచ్చును. నేల సారము తిరిగి వచ్చుటకు రెండు మూడేండ్లు పట్టునని అతడే నిజాయితీగా చెప్పును. ఆ రెండు మూడేండ్లలో ఎకరమునకు నాలుగు బస్తాలు తగ్గినచో ఆ యువకుని భత్యము తగ్గదు. సంస్థ కార్యాలయపు అద్దె ఆగదు. యజమాని మక్తా తగ్గదు. తగ్గునది ఒక్క కౌలుదారుని గాదెలోని గింజలు మాత్రమే. ఆలోచన ఒకరిది, కీర్తి ఒకరిది, నష్టము మరియొకరిది! సేవయందలి చిక్కుముడి ఇచటనే యున్నది. నా అభిప్రాయములో ఇట్టి ప్రతి కార్యక్రమమును మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే: పంట తగ్గిననాడు ఆ నష్టములో పాలు పంచుకొనువారెవరు?

ఈ ప్రశ్నను మరచిన దేశమునకు ఏమైనదో ఇటీవలనే చూచితిమి. 2021లో శ్రీలంక ప్రభుత్వము రసాయనపు ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించెను. సేంద్రియ వ్యవసాయము మంచిదను ఆశయముతోనే చేసినారు. రైతుకు తగిన ప్రత్యామ్నాయపు ఎరువు అందలేదు. నేర్చుకొనుటకు కాలము చిక్కలేదు. కొన్ని నెలలకే, అదే సంవత్సరము నవంబరులో, నిషేధమును సడలించుకొనిరి. వరి దిగుబడి పడిపోయెను. బియ్యము బయటినుండి తెచ్చుకొనవలసి వచ్చెను. ఆజ్ఞ వ్రాసిన చేతికి మన్ను అంటలేదు. మన్ను అంటిన చేతిని ఎవరును అడుగలేదు. ఆశయము పవిత్రమైనంత మాత్రమున ఇతరుల అన్నముతో పందెము కట్టు హక్కు ఎవరికిని రాదు.

దీనికి ఎదురుగా మన తెలుగునేలపై జరిగినదే మరియొకటి కలదు. 1967లో ఐ.ఆర్. 8 అను క్రొత్త వరివంగడము వచ్చినప్పుడు, పశ్చిమగోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు అను యువ రైతు దానిని సాగుచేసి, ఆ వంగడము వ్యాపించుటకు కారకుడయ్యెను. ఆయన సాహసము మెచ్చదగినది. అయితే దానిలో గమనింపదగిన సంగతి యేమనగా, పరీక్షకు పెట్టినది తన సేద్యమును. తప్పినచో పోవునది తనదే. ఇతరులు చూచి, నమ్మి, తరువాత అనుసరించిరి. ఆ వంగడముతో పాటు వచ్చిన ఎరువుల, మందుల వాడుకలోని మంచిచెడ్డల చర్చ వేరు. ముందుగా తానే మడిలో నిలుచుట అనునది మాత్రము ఏ సేద్యమునకైనను వర్తించెడి నీతి.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. "ఎరువుల కొట్టువాడు అప్పుపై బస్తాలిచ్చి, పంట పోయినను బాకీ వసూలు చేయుచున్నాడు గదా! అతనిని అడుగని ప్రశ్న ఈ పిల్లలను మాత్రమే అడుగుటయేల?" అని. న్యాయమైన ఆక్షేపణయే. కాని కొట్టువాడు తాను వర్తకుడనని చెప్పుకొనును. సాధికారత కలిగింతునని చెప్పడు. పెద్దమాట పలికినవాని యొద్ద పెద్దకొలత యుండుట సహజము. ఒకరు పాటింపని ధర్మము మరియొకరికి మినహాయింపు కాజాలదు.

మరియొక ఆక్షేపణ కలదు. నష్టభయమునే తలచుచు కూర్చున్నచో ఏ మార్పును రాదు. నేల చవుడుబారి, పెట్టుబడి పెరిగి, రైతు ఉన్నచోటనే మునిగిపోవును. ఇదియు నిజమే. అందుచేత ప్రయత్నము మానుమని నేను చెప్పుటలేదు. నష్టమును పంచుకొని ప్రయత్నింపుడని చెప్పుచున్నాను. దానికి మార్గములు లేకపోలేదు. రైతు తన ఎకరములో ముందు పది సెంట్లు మాత్రమే క్రొత్త పద్ధతికి విడువవచ్చును. యువకులు తామును అదే ఊరిలో, అదే మక్తాకు, అరయెకరము తీసికొని పండింపవచ్చును. అప్పుడు బస్తా బరువు వారి భుజమునకును తెలియును. పొదుపు సంఘము కొంత ధాన్యమును నష్టనిధిగా నిలువ చేయవచ్చును. అన్నింటికన్న ముఖ్యముగా భూయజమాని మొదటి మూడేండ్లు మక్తాలో కొన్ని బస్తాలు తగ్గింపవచ్చును. బాగుపడునది ఆయన నేలయే గదా! నేల బాగుపడిన లాభము యజమానికి, బాగుచేయుటలోని నష్టము కౌలుదారునకు అనుట ఏ న్యాయము?

సామూహికత యను మాటను గూర్చియు ఒకింత చెప్పవలెను. మెట్టప్రాంతములో ఒక రైతు తన గట్టులోపల తన ఇష్టమైన సేద్యము చేసికొనగలడు. డెల్టాలో నీరు చేనినుండి చేనికి పారును. ఎగువవాడు చల్లిన ఎరువు, కొట్టిన మందు ఆ నీటితో దిగువవాని చేనికి దిగును. ఎగువవాడు కట్టిన గండి దిగువవాని నారును ఎండబెట్టును. శివారు భూముల రైతు బాధ యిదియే. కావున ఇచట ఒక్క రైతు ప్రకృతి వ్యవసాయము చేయుట అర్ధసత్యము. ఒక బోదె క్రిందనున్న రైతులందరును కూర్చుండి మాట్లాడుకొన్నప్పుడే అది సత్యమగును. యువకుల సాధనను కొలువదలచినవారు ఎన్ని పీపాల జీవామృతము కలిపినారని లెక్కించుటకన్న, ఎగువవానిని దిగువవానిని ఎన్నిసార్లు ఒక అరుగుపై కూర్చుండబెట్టినారని అడుగుట మేలు.

ఇంటిలోపలను చూడవలెను. కషాయము కాచుట, పేడ కలుపుట, కలుపు తీయుట అధికభాగము స్త్రీలపైననే పడుచున్నవి. సంఘము పేరు స్త్రీలది, పని స్త్రీలది, అమ్మకపు డబ్బు మాత్రము పురుషుని చేతిలో నున్నచో దానిని సాధికారత యనుట పేరును అపహాస్యము చేయుటయే. ఆమె దినములో ఎన్ని గడియలు అదనముగా పనిచేసినది, ఆ పనివలన వచ్చిన పైకముపై ఆమె మాట చెల్లినదా - ఈ రెండు ప్రశ్నలు మూల్యాంకన పత్రములో మొదటి పుటలోనే యుండవలెను.

కొలపాత్రను ప్రజల చేతికే ఇచ్చినచో ఎట్లుండునో తెలిసికొనుటకు జహీరాబాదు ప్రాంతమును చూడవచ్చును. అచట పస్తాపూరు కేంద్రముగా 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, పేద దళిత స్త్రీల సంఘములతో పనిచేసినది. 1990ల నడుమ వారొక ధాన్యనిధిని ఏర్పరచిరి. బీడుపడిన భూములను సాగులోనికి తెచ్చుటకు రైతులకు పెట్టుబడి ఇచ్చి, దానిని రూకలుగా గాక జొన్నలుగా వాయిదాలలో తీసికొని, ఆ ధాన్యమును ఊరిలోనే నిలువచేసి, కరువు నెలలలో పేదలకు చౌకగా అందించిరి. ఎవరు పేదలో, ఎవరు మరింత పేదలో నిర్ణయించినది పట్టణమునుండి వచ్చిన అధికారి కాదు. ఊరివారే బహిరంగముగా కూర్చుండి తేల్చిరి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చెడి ఈక్వేటర్ బహుమతి వచ్చినది. బహుమతికన్న ఆ పద్ధతి మనకు ముఖ్యము. పొరుగువాని ఆకలిని కొలువగలవాడు పొరుగువాడే.

దీనికి విరుద్ధముగా, ఇచ్చినవారి లెక్కయే లెక్కగా నడచిన ఉద్యమమునకు భూదానము ఉదాహరణము. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములిచ్చుటతో అది మొదలయ్యెను. వినోబాభావేగారి పాదయాత్రకు దేశము కదలెను. లక్షల ఎకరములు దానముగా ప్రకటింపబడినవి. ఆ మహాత్ముని నిష్కల్మషత్వమును శంకింపరాదు. కాని ప్రకటించిన భూమిలో చాలభాగము పేదల నాగలి క్రిందికి రానేలేదు. కొంత రాళ్లును, కొంత వ్యాజ్యములును. ఇచ్చిన ఎకరములను లెక్కించినంత శ్రద్ధగా దున్నిన ఎకరములను లెక్కించియున్నచో కథ వేరుగా నుండెడిది. నేడును ఎందరు రైతులు పేరు నమోదు చేసికొనిరను సంఖ్యకన్న, మూడవ ఏట ఎందరు నిలిచిరను సంఖ్య విలువైనది. మానివేసినవారు ఏల మానిరో అడిగిన నివేదిక అంతకన్న విలువైనది.

సహాయమునకును సాధికారతకును గల భేదము దివిసీమవారికి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వేలమందిని మింగినప్పుడు దేశము నలుమూలలనుండి చేతులు వచ్చినవి. గంజి పోసిరి, ఇండ్లు కట్టిరి. ఆనాడు ఇచ్చుటయే ధర్మము. ఎవరు నిర్ణయించిరని అడుగుటకు అది సమయము కాదు. కాని సాధికారత గంజి వంటిది కాదు. ఇచ్చువాడు వెడలిపోయిన తరువాత పుచ్చుకొన్నవాని చేతిలో ఏమి మిగిలినదను దానినిబట్టి దానిని కొలువవలెను. యువకుడు వెళ్లిన మరునాడు సంఘపు లెక్కల పుస్తకము ఎవరు వ్రాయుచున్నారు? విత్తనము ఎవరి గరిసెలో నున్నది? అన్నింటికన్న కఠినమైన పరీక్ష మరియొకటి కలదు: ఆ యువకుడు చెప్పిన పద్ధతిని కాదను ధైర్యము రైతునకు వచ్చినదా? కాదనలేనివాని అవును నకు విలువ లేదు.

మన శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్యగారి కథ అందరెరిగినదే. కల్యాణములో నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు ఆయన నిత్యముకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ సంతోషింపలేదు. మనకు చాలినంతకు మించినది మనది కాదని, దానిని తెచ్చినచోటనే పోసి రమ్మని ఆయనను వెనుకకు పంపెను. ఆ ఇంటిలో మూల్యాంకనము చేసినది లక్కమ్మ. ఆమె దిగుబడి పెరిగినదా యని చూడలేదు. పెరిగినది ఎవరి పాలునుండి వచ్చినదని చూచెను. సాగులోని లాభమునకును ఈ చూపే తగినది. కౌలుదారుని గాదెనుండియో, ఇల్లాలి విశ్రాంతినుండియో, దిగువవాని నీటినుండియో వచ్చిన లాభము పట్టికలో ఎంత అందముగా కనుపించినను మనది కాదు.

కావున యువజనులను నేను కోరునది ఇంతయే: మీ ఉత్సాహము దేశమునకు వలయును; దానిని రైతు నష్టమునకు హామీగా కూడ నిలుపుడు. పెద్దలను కోరునది ఇంకను సూటియైనది. మన కుటుంబములలో పల్లెలో భూమియుంచి పట్టణములో కాపురమున్నవారు కలరు. మఠములకు కౌలుకిచ్చిన మాన్యములు కలవు. ప్రకృతి వ్యవసాయమును పొగడుచు వేదికలపై ప్రసంగించుటకు ముందు, మన భూమిని దున్ను కౌలుదారునకు పత్రముపై సంతకము చేయుదము. అతడు క్రొత్త సేద్యమునకు పూనుకొన్నచో మొదటి మూడేండ్లు మక్తాలో బస్తాలు తగ్గింతుము. దాసోహ మనగా మిగిలినది పెట్టుట మాత్రమే యైనచో అది సులభము. పోయెడిదానిలో పాలు తీసికొనుట కష్టము. ఆ కష్టమును కొంతయైనను మనము మోసిననాడు ఈ యువకుల పనిని కొలుచుటకు మనకును అర్హత కలుగును.